ఫైలు ఉన్నది గానీ లేదంటున్నది: కెర్నెల్ టెస్టుల్లో మాయమయ్యే నెట్‌వర్క్ డివైస్ అట్రిబ్యూట్లు

"అన్నా, జర చూడవా? నిన్న పాసైన టెస్టు ఇయ్యాల ఫెయిలైంది. ఫైలేమో ఉన్నది, క్యాట్ కొడితే లేదంటున్నది."

రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే వచ్చిన మెసేజ్ ఇది. పంపినవాడు మా టీంలో కొత్తగా చేరిన తమ్ముడు. క్యాట్ అంటే ఫైల్లో ఉన్నది చదివి చూపే కమాండ్. దానికింద లాగ్ ముక్క అతికించాడు: "నాట్ ఓకే 7" (ఏడో టెస్టు ఫెయిల్ అని), పక్కన "అట్రిబ్యూట్ మిస్సింగ్". ఏ అట్రిబ్యూటో, ఎందుకు మిస్సయిందో లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ట్రైనెక్కి ఫోన్ చేశాను. అమీర్‌పేటలో దిగేలోపు వాడికి చెప్పినవీ, అంతకుముందు నేను రోజుల తరబడి తిప్పలుపడి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. లినక్స్ కెర్నెల్‌ను పరీక్షించే టెస్టుల కట్టలైన కెసెల్ఫ్‌టెస్ట్ నడిపేవాళ్లకీ, ఎల్‌టీపీ (లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్) నడిపేవాళ్లకీ, సొంతంగా షెల్ స్క్రిప్టులు రాసుకుని నెట్‌వర్క్ డ్రైవర్లను పరీక్షించేవాళ్లకీ పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. లినక్స్‌లో ప్రతి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కీ /సిస్/క్లాస్/నెట్ కింద దాని పేరుతో ఒక డైరెక్టరీ ఉంటుంది. లోపల ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం), అడ్రస్, క్యారియర్ (లింక్ ఉందా లేదా), స్పీడ్, ఆపర్‌స్టేట్ వంటి చిన్న చిన్న ఫైళ్లుంటాయి. వీటినే అట్రిబ్యూట్లంటారు. ఇవి డిస్కు మీద ఉండే ఫైళ్లు కావు. మీరు చదివినప్పుడల్లా కెర్నెల్లో ఒక ఫంక్షన్ నడుస్తుంది, అది ఇచ్చిన జవాబే మీకు కనిపిస్తుంది. జవాబు చెప్పడం కుదరకపోతే అదే ఫంక్షన్ ఎర్రర్ కోడ్ తిప్పి పంపుతుంది. ఇక ముందు చెప్పబోయే చిక్కుల్లో సగం ఈ సంగతి మరిచిపోవడం వల్ల వచ్చేవే.

ముందు "లేదు" అంటే ఏ లేదో తేల్చుకోండి

ఇరానీ హోటల్లో "సమోసా లేదు" అన్నారంటే దానికి చాలా అర్థాలున్నాయి. ఈ హోటల్లో సమోసాలు చేయరు అని కావచ్చు. చేస్తారు గానీ నాలుగింటికి రండి అని కావచ్చు. మీరు అసలు పక్క హోటల్లోకి వచ్చి కూర్చున్నారేమో కూడా. టెస్టు స్క్రిప్టు మాత్రం అన్నింటికీ కలిపి "మిస్సింగ్" అని ఒకే మాట అంటుంది.

ఎందుకంటే చాలా స్క్రిప్టులు ఫైలును క్యాట్‌తో చదివి, ఎర్రర్‌ను డెవ్ నల్‌లోకి (ఏది రాసినా మాయమయ్యే ఫైలు) తోసేసి, చేతికి ఖాళీ స్ట్రింగ్ వస్తే "లేదు" అని రాసేస్తాయి. అసలు కారణం ఆ డెవ్ నల్‌లో కలిసిపోయింది. అందుకని మొదటి పని టెస్టును పక్కనపెట్టి, అదే మెషీన్లో, అదే నేమ్‌స్పేస్‌లో (కెర్నెల్ విడిగా కట్టిచ్చే నెట్‌వర్క్ గది) చేత్తో రెండు కమాండ్లు కొట్టడం. మొదట ఎల్‌ఎస్: ఫైలు పేరు కనబడుతోందా? తర్వాత క్యాట్, ఎర్రర్ దాచకుండా. పేరే కనబడకపోతే ఒక దారి. పేరుండి "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" వస్తే ఇంకో దారి. "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్" వస్తే మరోటి. ఎర్రరేమీ లేకుండా మైనస్ 1 అనో "అన్‌నోన్" అనో వస్తే అది వేరే కథ. అనుమానం తీరకపోతే ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం కెర్నెల్‌ను ఏమేం అడుగుతోందో చూపే పనిముట్టు) కింద క్యాట్ నడపండి. ఫెయిలైంది ఓపెనా, రీడా అన్నది తేలిపోతుంది. ఓపెన్ ఫెయిలైతే ఫైలు నిజంగా లేదు. రీడ్ ఫెయిలైతే ఫైలుంది, డ్రైవరో కెర్నెలో జవాబు చెప్పనంది.

తమ్ముడికి ఇదే చెప్పి, ఎల్‌ఎస్ కొట్టమన్నాను.

లక్షణం: ఇంటర్‌ఫేస్ ఐపీ కమాండ్‌కి కనిపిస్తుంది, సిస్ కింద దాని డైరెక్టరీయే లేదు

నా రెండు రోజులు మింగిన చిక్కు ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

టెస్టు మెషీన్ అసలు నెట్‌వర్క్ పాడుకాకూడదని అందరం చేసే పనే నేనూ చేశాను. అన్‌షేర్ మైనస్ ఎన్‌తో కొత్త నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ తెరిచి, అందులో ఒక డమ్మీ ఇంటర్‌ఫేస్ (వెనక కార్డేమీ లేనిది) సృష్టించాను. ఐపీ లింక్ కొడితే డమ్మీ0 కళ్లెదురుగా ఉంది. /సిస్/క్లాస్/నెట్ చూస్తే అది లేదు. హోస్ట్ మెషీన్‌లోని ఇంటర్‌ఫేస్‌లు మాత్రం వరసగా కూర్చున్నాయి. డ్రైవర్ పాడైందనుకున్నాను. కెర్నెల్ మళ్లీ బిల్డ్ చేశాను. రెండో రోజు రాత్రి దాకా అదే గోల.

కారణం: సిస్‌ఎఫ్‌ఎస్‌ను (/సిస్ కింద కనబడే ఫైల్‌సిస్టమ్) మౌంట్ చేసినప్పుడు, మౌంట్ చేసిన ప్రాసెస్ ఏ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో ఉందో ఆ మౌంట్ దానికే అతుక్కుపోతుంది. మీరు కొత్త నేమ్‌స్పేస్‌లోకి వెళ్లినా /సిస్ మాత్రం పాతదే. ఇల్లు మారారు, చేతిలో ఉన్నది పాత ఇంటి తాళంచెవి. ఎన్ఎస్‌ఎంటర్‌తో ఒక్క నెట్ నేమ్‌స్పేస్‌లోకే దూరినా ఇదే తంతు.

పరిష్కారం: ఐపీ నెట్‌ఎన్‌ఎస్ ఎగ్జెక్ వాడితే మీరేమీ చేయక్కర్లేదు. అది తనకంటూ వేరే మౌంట్ నేమ్‌స్పేస్ తెరిచి, /సిస్‌ను కొత్తగా మౌంట్ చేసి, ఆ తర్వాతే మీ కమాండ్ నడుపుతుంది. అన్‌షేరే కావాలంటే మైనస్ ఎన్‌తో పాటు మైనస్ ఎమ్ (వేరే మౌంట్ నేమ్‌స్పేస్ కోసం) కూడా ఇచ్చి, లోపలికెళ్లాక సిస్‌ఎఫ్‌ఎస్‌ను /సిస్ మీద మీరే మళ్లీ మౌంట్ చేసుకోవాలి. మైనస్ ఎమ్ మరిచిపోయి మౌంట్ చేశారంటే హోస్ట్ మెషీన్ /సిస్ మీదే పడుతుంది. అప్పుడు మీ టెస్టు బాగుపడుతుంది, మిగతావాళ్లది చెడుతుంది.

డైరెక్టరీ లేకపోవడం నయం, కనీసం ఫెయిలవుతుంది. ఇంతకంటే ప్రమాదం పేర్లు కలిసినప్పుడు. ఎల్‌ఓ (లూప్‌బ్యాక్, అంటే మెషీన్ తనతో తాను మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ ఉంటుంది. కొత్త నేమ్‌స్పేస్‌లో అది డౌన్‌లో పుడుతుంది, హోస్ట్‌లో అప్‌లో ఉంటుంది. పాత /సిస్‌లోంచి ఎల్‌ఓ చదివే టెస్టు, తనది కాని ఇంటర్‌ఫేస్ విలువలు చూసి హాయిగా పాసైపోతుంది. ఇది పట్టుకోవాలంటే ఐపీ లింక్ చూపించే పేర్ల జాబితానూ, సిస్ కింద కనబడే డైరెక్టరీల జాబితానూ పక్కపక్కన పెట్టి పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే మీరున్న ఇల్లు వేరు, చూస్తున్న ఇల్లు వేరు.

లక్షణం: డైరెక్టరీ ఉంది, అందులో కొన్ని ఫైళ్లే లేవు

ఆర్‌పీఎస్ సీపీయూస్, ఎక్స్‌పీఎస్ సీపీయూస్ ఫైళ్లు క్యూస్ డైరెక్టరీలో లేకపోతే కెర్నెల్ కాన్ఫిగ్ వైపు చూడండి. ఆర్‌పీఎస్ వచ్చే ప్యాకెట్ల పనిని సీపీయూలకు పంచేది, ఎక్స్‌పీఎస్ పంపే వైపు క్యూలను సీపీయూలకు పంచేది. ఆర్‌పీఎస్ కెర్నెల్ 2.6.35లోనూ, ఎక్స్‌పీఎస్ 2.6.38లోనూ వచ్చాయి, కాబట్టి "కెర్నెల్ పాతది" అనే సాకు ఇవాళ చెల్లదు. ఈ రెండూ కాన్ఫిగ్ ఎస్‌ఎంపీ (ఒకటికి మించిన సీపీయూల సపోర్టు) మీద ఆధారపడతాయి. చిన్న వర్చువల్ మెషీన్ కదా, త్వరగా బిల్డవుతుంది కదా అని ఎస్‌ఎంపీ తీసేసి బిల్డ్ చేస్తే ఆ ఫైళ్లు పుట్టవు.

ఇక్కడ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (మీరు చెప్పని ఆప్షన్లను డిఫాల్ట్ విలువలతో నింపే మేక్ కమాండ్) చేసే మాయ ఒకటుంది. మీరు డాట్ కాన్ఫిగ్‌లో ఒక ఆప్షన్‌ను వై అని రాస్తారు. దానికి కావాల్సిన ఇంకో ఆప్షన్ లేకపోతే ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ మీ వై ని చప్పుడు కాకుండా తీసేస్తుంది. తిట్టదు, హెచ్చరించదు. అందుకని ఏం రాశామన్నది కాదు, బిల్డ్ తర్వాత ఏం మిగిలిందన్నది గ్రెప్ చేసి చూడాలి. ఇంకా మంచిది నడుస్తున్న కెర్నెల్‌నే అడగడం: /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్. అది కనబడాలంటే కాన్ఫిగ్ ఐకేకాన్ఫిగ్ ప్రాక్ ఆన్‌లో ఉండాలి. టెస్టు కెర్నెళ్లలో దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. పనిలో పని, నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ చెప్పే యూనేమ్ మైనస్ ఆర్ కూడా కొట్టండి. బిల్డ్ చేసింది ఒక కెర్నెల్, గ్రబ్ బూట్ చేసింది ఇంకోటి అయిన సందర్భాలు నేను లెక్కపెట్టడం మానేశాను.

కెసెల్ఫ్‌టెస్ట్‌లో ఒక్కో టెస్టుల గుంపుకీ తనకు కావాల్సిన ఆప్షన్ల జాబితా కాన్ఫిగ్ అనే పేరుతోనే ఆ డైరెక్టరీలో ఉంటుంది. నెట్ టెస్టులకైతే టూల్స్, టెస్టింగ్, సెల్ఫ్‌టెస్ట్స్, నెట్ కింద. మేక్ కెసెల్ఫ్‌టెస్ట్-మెర్జ్ కొడితే అవన్నీ మీ డాట్ కాన్ఫిగ్‌లోకి వచ్చి కలుస్తాయి. వీఈటీహెచ్ (జంటగా పుట్టే వర్చువల్ ఇంటర్‌ఫేస్), డమ్మీ, నెట్‌డెవ్‌సిమ్ (ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు) వంటివి మాడ్యూళ్లుగా బిల్డయితే వాటిని టెస్టు మెషీన్లోకి ఇన్‌స్టాల్ చేయడం మరవకండి. ఐపీ లింక్ యాడ్ దగ్గరే ఎర్రర్ వచ్చి ఇంటర్‌ఫేస్ పుట్టకపోతే, ఆ తర్వాత స్క్రిప్టు చెప్పే "అట్రిబ్యూట్ మిస్సింగ్"లన్నీ వట్టి ప్రతిధ్వనులు. లాగ్‌లో మొదటి తప్పు వెతకండి, చివరిది కాదు.

డివైస్ అనే సిమ్‌లింక్ లేదని కంగారుపడేవాళ్లూ ఉంటారు. వీఈటీహెచ్, డమ్మీ, బ్రిడ్జ్ వెనక హార్డ్‌వేర్ ఏమీ లేదు. అవి /సిస్/డివైసెస్/వర్చువల్/నెట్ కింద పుడతాయి, వాటికి డివైస్ లింక్ ఉండదు, ఉండకూడదు కూడా. డ్రైవర్ పేరు కావాలంటే ఈథ్‌టూల్ మైనస్ ఐ ని అడగండి.

బైట్ క్యూ లిమిట్స్ (క్యూలో ఎన్ని బైట్లు నిలవొచ్చో హద్దు పెట్టేది) డైరెక్టరీ గురించి ఒక్క మాట. 3.3లో వచ్చిన ఈ డైరెక్టరీ చాలాకాలం ప్రతి ట్రాన్స్‌మిట్ క్యూ కిందా కనబడేది, ఆ డ్రైవర్ దాన్ని వాడినా వాడకపోయినా. 6.9 నుంచి, క్యూయే పెట్టుకోని ఎల్‌ఓ వంటి వర్చువల్ డివైస్‌లకు దాన్ని సృష్టించడం మానేశారు. పాత టెస్టు కొత్త కెర్నెల్ మీద ఇక్కడ ఫెయిలైతే మార్చాల్సింది టెస్టునే.

లక్షణం: ఎల్‌ఎస్‌కి ఫైలు కనిపిస్తుంది, క్యాట్‌కి "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ"

పెద్దమ్మ గుడి స్టేషన్ దాటేసరికి తమ్ముడి జవాబు ఇలా వచ్చింది.

"ఎల్‌ఎస్ కొడితే ఉన్నదన్నా. క్యాట్ కొడితే నో సచ్ ఫైల్ అంటున్నది. డిస్కేమన్నా కరాబైందా?"

"ఏ ఫైల్ తమ్మీ?"

"ఎక్స్‌పీఎస్ సీపీయూస్."

డిస్కుకేం కాలేదు, అసలు డిస్కుతో పనే లేదు. ఏ సీపీయూ ఏ ట్రాన్స్‌మిట్ క్యూ వాడాలన్నది చెప్పే ఫైలు ఇది. క్యూ ఒక్కటే ఉన్న డివైస్‌లో ఎంచుకోవడానికేముంది? అందుకని డివైస్‌కు ఒకే ట్రాన్స్‌మిట్ క్యూ ఉంటే, ఈ ఫైలు చదివే కెర్నెల్ ఫంక్షన్ ఈఎన్‌ఓఈఎన్‌టీ అనే ఎర్రర్ తిప్పి పంపుతుంది. క్యాట్ దాన్ని తనకు తెలిసిన మాటల్లోకి మార్చి "ఫైలు లేదు" అంటుంది. ఓపెన్ బాగానే జరిగింది, రీడ్ దగ్గర వచ్చిందా మాట. అదే డైరెక్టరీలోని ట్రాఫిక్ క్లాస్ ఫైలుదీ ఇదే తీరు.

మరి నిన్న ఎందుకు పాసైంది? తవ్వితే తేలిందేమిటంటే, టెస్టు నడిపే క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రాం) స్క్రిప్టును ఎవరో సర్దారు. ట్యాప్ నెట్‌వర్క్ (వర్చువల్ మెషీన్‌ను హోస్ట్‌తో కలిపే వర్చువల్ ఇంటర్‌ఫేస్) పెట్టడానికి రూట్ పర్మిషన్ కావాలని, దాని బదులు యూజర్ మోడ్ నెట్‌వర్క్ పెట్టేశారు. ట్యాప్‌లో క్యూలు నాలుగు ఇచ్చి ఉన్నారు. యూజర్ మోడ్‌లో క్యూ ఒక్కటే. ఇంటర్‌నెట్ పనిచేస్తోంది కాబట్టి మార్పు ఎవరి కంటికీ ఆనలేదు.

పరిష్కారం: క్యూఈఎంయూలో ట్యాప్‌కు క్యూస్ 4 అని, వర్టియో నెట్ డివైస్‌కు (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన నెట్ కార్డు) ఎంక్యూ ఆన్ అని ఇవ్వాలి. దానికి తోడు వెక్టర్స్ (ఇంటరప్టుల) సంఖ్యను క్యూల సంఖ్యకు రెట్టింపు చేసి రెండు కలిపి, అంటే ఇక్కడ 10 ఇస్తారు. అసలు హార్డ్‌వేర్‌తో పనిలేని టెస్టయితే ఇంత హంగామా వద్దు. ఐపీ లింక్ యాడ్‌తో వీఈటీహెచ్ సృష్టించేటప్పుడే నమ్‌టీఎక్స్‌క్యూస్ 4 అని చెప్పండి, చాలు.

లక్షణం: "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్"

క్యారియర్, స్పీడ్, డ్యూప్లెక్స్ (రెండువైపులా ఒకేసారి పంపగలదా అన్నది) ఈ మూడింటి దగ్గరే ఎక్కువగా వస్తుంది. పేరు చూసి మనమేదో తప్పు ఆర్గ్యుమెంట్ ఇచ్చామనుకుంటాం. ఉత్త క్యాట్‌కి ఆర్గ్యుమెంటేమిటి? అసలు అర్థం: ఇంటర్‌ఫేస్ డౌన్‌లో ఉంది, డౌన్‌లో ఉన్నదానికి క్యారియర్ ఉందా అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఐపీ లింక్ సెట్‌తో అప్ చేయండి, క్యారియర్ 0 అనో 1 అనో పలుకుతుంది.

స్పీడ్ దగ్గర ఇంకో మెలిక. అప్ చేసినా, ఆ డ్రైవర్‌కు లింక్ సెట్టింగులు చెప్పే ఫంక్షనే లేకపోతే అదే ఎర్రర్ వస్తుంది. డమ్మీ అటువంటిది; వందసార్లు అప్ చేసినా స్పీడ్ చెప్పదు. వీఈటీహెచ్ అడిగిన వెంటనే 10000 అంటుంది. అది కొలిచిన వేగం కాదు, డ్రైవర్లో రాసి పెట్టిన అంకె. వర్టియో మామూలుగా మైనస్ 1 అంటుంది, అంటే తెలియదని. దాంతో ఏదో ఒకటి చెప్పించాలంటే క్యూఈఎంయూలో ఆ డివైస్‌కే స్పీడ్, డ్యూప్లెక్స్ ఇవ్వవచ్చు, లేదా లోపలినుంచి ఈథ్‌టూల్ మైనస్ ఎస్‌తో పెట్టవచ్చు. కాబట్టి "స్పీడ్ సున్నా కంటే ఎక్కువ ఉండాలి" అని రాసిన టెస్టు ఏ డివైస్ మీద నడుస్తుందో చూసుకునే రాయాలి.

నిజమైన కార్డు మీదైతే ఓపిక కావాలి. అప్ అన్న మరుక్షణం చదివితే, అవతలి స్విచ్‌తో వేగం ఇంకా మాట్లాడుకుంటూనే ఉంటుంది. గిగాబిట్ రాగి తీగ మీద దీనికి కొన్ని సెకన్లు పడుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో కొన్న యూఎస్‌బీ ఈథర్‌నెట్ డాంగిల్‌తో ఇంట్లో టెస్టులు నడిపేవాడిని. దాని లింక్ పైకి రావడానికి టీ కలుపుకునేంత టైం పట్టేది. స్లీప్ 5 అని రాసి వదిలేయకండి. ఈరోజు 5 చాలితే రేపు చాలదు. కెసెల్ఫ్‌టెస్ట్ నెట్ లైబ్రరీ స్క్రిప్టులో బిజీవెయిట్, స్లోవెయిట్ అని రెండు ఫంక్షన్లున్నాయి. షరతు నిజమయ్యేదాకా, లేదా మీరిచ్చిన గడువు తీరేదాకా మళ్లీ మళ్లీ అడుగుతాయి. గడువు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కెసెల్ఫ్‌టెస్ట్ ఒక్కో టెస్టుకు మామూలుగా ఇచ్చేదే 45 సెకన్లు. కేవీఎం (వర్చువల్ మెషీన్‌కు ప్రాసెసర్ ఇచ్చే సాయం) లేని చోట ఎమ్యులేషన్ మీద నడిస్తే అవి ఇట్టే అయిపోతాయి. అప్పుడు ఆ డైరెక్టరీ సెట్టింగ్స్ ఫైల్లో టైమౌట్ పెంచాలి.

లక్షణం: "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్"

ఫిజ్ పోర్ట్ ఐడీ, ఫిజ్ స్విచ్ ఐడీ అనే ఫైళ్ల దగ్గర వచ్చేది ఇది. ఒకే కార్డును పలు ముక్కలుగా పంచే హార్డ్‌వేర్‌కూ, స్విచ్ చిప్పుల డ్రైవర్లకూ మాత్రమే వీటికి జవాబు తెలుసు. మీ ల్యాప్‌టాప్ కార్డును అడగడం పానీపూరీ బండి దగ్గర హలీం అడగడం లాంటిది. స్విచ్ ఐడీ వరకైతే నెట్‌డెవ్‌సిమ్ ఆదుకుంటుంది: మాడ్యూల్ లోడ్ చేసి, /సిస్/బస్/నెట్‌డెవ్‌సిమ్ కింద ఉన్న న్యూ డివైస్ ఫైల్లోకి "1 2" అని రాస్తే 1 నంబరుతో, రెండు పోర్టులున్న ఉత్తుత్తి డివైస్ పుడుతుంది. నెట్‌డెవ్‌సిమ్‌ను టెస్టుల కోసమే తయారుచేశారు కాబట్టి మొహమాటం లేకుండా వాడుకోండి.

లక్షణం: ఐపీవీ6 సెట్టింగుల డైరెక్టరీ మధ్యలో మాయం

ఇది సిస్ కింద కాదు, /ప్రాక్/సిస్/నెట్/ఐపీవీ6/కాన్ఫ్ కింద. టెస్టు మొదట్లో ఇంటర్‌ఫేస్ పేరుతో డైరెక్టరీ ఉంటుంది, సగంలో ఉండదు. ఎవరూ చెరపలేదు. మధ్యలో ఏదో ఒక లైను ఎంటీయూను 1280 కంటే తగ్గించి ఉంటుంది. ఐపీవీ6 నడవడానికి లింక్ కనీసం 1280 బైట్ల ప్యాకెట్‌ను మోయాలన్నది నియమం. అంతకంటే తగ్గించగానే కెర్నెల్ ఆ ఇంటర్‌ఫేస్ మీద ఐపీవీ6ను మొత్తంగా ఎత్తేస్తుంది. అడ్రసులూ పోతాయి, డైరెక్టరీ కూడా పోతుంది. మళ్లీ పెంచితే డైరెక్టరీ తిరిగొస్తుంది గానీ, మీరు చేత్తో పెట్టిన అడ్రసులూ, మార్చిన విలువలూ రావు. చిన్న ఎంటీయూ పరీక్షలను వేరే ఇంటర్‌ఫేస్ మీద పెట్టుకోవడమే సుఖం.

పేర్ల గొడవ

రెండు చిన్నవి. ఈటీహెచ్0 అని రాసిన టెస్టు మొదటి క్షణంలో పాసై తర్వాత ఫెయిలైతే, యూడెవ్ (డివైస్‌లకు పేర్లు పెట్టే ప్రోగ్రాం) దాని పేరు మార్చేసింది. పేరు మారాక పాత పేరుతో డైరెక్టరీ ఉండదు. బూట్ లైనులో నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 ఇవ్వండి, లేదా యూడెవ్‌ఏడీఎం సెటిల్ అయ్యాకే పేర్లు చదవండి.

రెండోది, /సిస్/క్లాస్/నెట్ కింద ఉన్నవన్నీ ఇంటర్‌ఫేస్‌లే అనుకుని ఫర్ లూప్ తిప్పడం. బాండింగ్ (పలు కార్డులను ఒక్కటిగా కలిపే) మాడ్యూల్ లోడైతే అక్కడే బాండింగ్ మాస్టర్స్ అనే మామూలు ఫైలు ఒకటి వచ్చి కూర్చుంటుంది. దాని కింద ఎంటీయూ వెతికితే దొరుకుతుందా? లూప్‌లో డైరెక్టరీ అవునో కాదో చూసే ఒక్క లైను చేర్చండి.

స్క్రిప్టును బాగుచేయడం

మర్నాడు ఆఫీసులో తమ్ముడూ నేనూ కూర్చుని టెస్టులోని చదివే ఫంక్షన్‌ను తిరగరాశాం. ఇప్పుడది ముందు ఫైలుందో లేదో చూస్తుంది. ఉంటే క్యాట్ ఎర్రర్‌ను పారేయకుండా పట్టుకుని, లాగ్‌లో అట్రిబ్యూట్ పేరు పక్కనే రాస్తుంది. ఎర్రర్ మాటలను పోల్చి చూస్తున్నాం కాబట్టి భాష సెట్టింగైన ఎల్‌సీ ఆల్‌ను సీ అని పెట్టాం. లేకపోతే వేరే భాషలో సెట్ చేసుకున్న మెషీన్లో పోలిక తప్పుతుంది.

సపోర్టు లేదని వస్తే టెస్టు 4తో బయటికొస్తుంది. కెసెల్ఫ్‌టెస్ట్ లెక్కలో 4 అంటే స్కిప్, ఫెయిల్ కాదు. ఫైలు అసలే లేకపోతే మాత్రం స్కిప్ చేయనివ్వలేదు నేను. అక్కడ తమ్ముడు వాదించాడు: కాన్ఫిగ్‌లో లేనిదానికి ఫెయిలెందుకని. కాన్ఫిగ్ తప్పని తెలిసేది ఆ ఫెయిల్ వల్లే కదా అన్నాను. చివరికి కాన్ఫిగ్.జీజెడ్‌లో ఆప్షన్ ఉందో లేదో చూసి, లేకపోతే స్కిప్, ఉండీ ఫైలు రాకపోతే ఫెయిల్ అని రాజీపడ్డాం. ఎక్స్‌పీఎస్ టెస్టు ఇప్పుడు క్యూలు ఒకటికంటే ఎక్కువున్నాయో లేదో ముందే లెక్కపెట్టి, లేకపోతే "ఒక్కటే క్యూ ఉంది" అని లాగ్‌లో రాసి తప్పుకుంటుంది. క్యూఈఎంయూ స్క్రిప్టులో ట్యాప్‌ను తిరిగి పెట్టే పని మాత్రం, దాన్ని మార్చినవాళ్లకే అప్పజెప్పాం.